పీకో ఎస్‌ఎల్-36 గేజ్ రివ్యూ: జంట లైన్ల మధ్య రెండంగుళాల ఎడం ఎక్కడ సరిపోతుంది, ఎక్కడ చాలదు

పీకో ఎస్‌ఎల్-36 అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ గేజ్. ఓఓ (అసలు రైలులో 76వ వంతు), హెచ్‌ఓ (87వ వంతు) మోడల్ రైల్వేల్లో రెండు లైన్లు పక్కపక్కన వేసేటప్పుడు వాటి మధ్య ఎడం ఎక్కడా మారకుండా చూడటం దీని పని. ఒక లైను నడుమ నుంచి పక్క లైను నడుమకు 50.8 మి.మీ., అంటే సరిగ్గా రెండంగుళాలు. దీనికి మరో కొలత లేదు, మార్చుకునే వీలూ లేదు.

పీకో స్ట్రీమ్‌లైన్ ఫ్లెక్స్ ట్రాక్ (కావలసినట్టు ఒంచుకునే ట్రాక్), స్ట్రీమ్‌లైన్ పాయింట్లు (లైను రెండుగా చీలే ముక్కలు) వాడి తిన్నటి లైన్లు వేసేవాళ్లకు ఇది తప్పక ఉండాలి. అది కూడా ఒకటి కాదు, మూడు. సెట్‌ట్రాక్ (ఒంపు ముందే ఖాయమై వచ్చే ట్రాక్ ముక్కలు) గానీ హార్న్‌బీ ట్రాక్ గానీ వాడేవాళ్లకు దీనితో పని లేదు, వాటి ఎడం 67 మి.మీ. వంపుల్లో మాత్రం దీన్ని చూసుకుని వాడాలి. ఈ రివ్యూలో ఎక్కువ భాగం వంపుల గురించే, ఎందుకంటే గేజ్ కొన్నవాళ్లు దెబ్బతినేది అక్కడే.

ముందు ఈ 50.8 ఎక్కడిదో తెలియాలి. స్ట్రీమ్‌లైన్ కోడ్ 100, కోడ్ 75 శ్రేణుల్లో (కోడ్ అంకె పట్టా ఎత్తును చెబుతుంది) చిన్న, మధ్యరకం, పెద్ద పాయింట్ల వ్యాసార్ధాలు వేరు: 610, 914, 1524 మి.మీ. పక్కకు చీలే కోణం మాత్రం మూడింటికీ 12 డిగ్రీలే. అందుకే ఏ రెండు పాయింట్లను ఎదురెదురుగా కలిపి క్రాస్ఓవర్ (ఒక లైను నుంచి పక్క లైనుకు మారే దారి) చేసినా లైన్ల ఎడం రెండంగుళాలకే వచ్చి ఆగుతుంది. గేజ్ ఆ లెక్కను పట్టుకుని తయారైంది. లైన్లను 52 మి.మీ. ఎడంతో వేసి తర్వాత మధ్యలో క్రాస్ఓవర్ పెట్టబోతే ఏమవుతుందో చూడండి. 12 డిగ్రీల ఏటవాలులో ఎడం 1 మి.మీ. మారితే ఏటవాలు పట్టా పొడవు 4.8 మి.మీ. మారుతుంది. 1.2 మి.మీ. తేడాకు 5.8 మి.మీ. ఖాళీ మిగులుతుంది. పట్టా కొసలను కలిపే జాయినర్ లాగి ఆ ఖాళీని కప్పేద్దామని చూస్తే ఆ చోట చక్రం ప్రతిసారీ టక్కుమంటుంది. పాయింట్లను బలవంతంగా దగ్గరకు లాగితే తిన్నటి లైను ఆ చోట లోపలికి ఒంగుతుంది. అలా ఒంగిన చోట ముందు పట్టాలు తప్పేది తేలికపాటి నాలుగు చక్రాల వ్యాగన్లు.

ఈ లెక్క ఇంకో రకంగానూ పనికొస్తుంది. స్ట్రీమ్‌లైన్ పాయింట్లతోనే లైన్లను 67 మి.మీ. ఎడంతో వెయ్యాలంటే రెండు పాయింట్ల మధ్య 78 మి.మీ. తిన్నటి ముక్క పెట్టాలి. 45 మి.మీ.కు దగ్గర చెయ్యాలంటే ఏటవాలు కాళ్ల నుంచి మొత్తం 28 మి.మీ., అంటే ఒక్కో పాయింట్ నుంచి 14 మి.మీ. కొయ్యాలి. కోసే ముందు ఫ్రాగ్ (పాయింట్‌లో రెండు పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోటు) దాటాక ఎంత పట్టా మిగులుతుందో చూసుకోవాలి. ఎదురెదురుగా వచ్చే స్లీపర్ల కొసలు ఒకదాన్నొకటి తోసుకోకుండా వాటినీ కత్తిరించాలి. ఇలా చేసినవాళ్లకు ఎస్‌ఎల్-36 పనికిరాదు, సొంత గేజ్ కోసుకోవాల్సిందే.

అసలు 45కు ఎందుకు దగ్గర చేస్తారు? బ్రిటిష్ రైల్వేల్లో రెండు లైన్ల మధ్య ఖాళీని ‘సిక్స్ ఫుట్’ అంటారు. పక్కపక్క పట్టాల తలల బయటి అంచుల మధ్య ఆరడుగులు. దానికి 4 అడుగుల 8½ అంగుళాల లైను గేజ్ (ఒకే లైనులోని రెండు పట్టాల మధ్య దూరం), రెండు పట్టాల తలల వెడల్పు కలిపితే ఒక లైను నడుమ నుంచి పక్క లైను నడుమకు 11 అడుగుల 2 అంగుళాలు. అడుగుకు 4 మి.మీ. లెక్కన ఓఓలో అది 44.7 మి.మీ. గేజ్ ఇచ్చేది 50.8. పైగా ఓఓ 16.5 మి.మీ. పట్టాల మీద నడుస్తుంది, స్కేలు ప్రకారం అది 4 అడుగుల 1½ అంగుళాలే. లైను సన్నగా, మధ్య ఖాళీ వెడల్పుగా కనిపించడానికి ఈ రెండూ తోడవుతాయి. పక్కపక్క పట్టాల లోపలి ముఖాల మధ్య దూరం అసలు రైల్వేలో సుమారు ఆరున్నర అడుగులైతే, ఓఓలో ఈ గేజ్‌తో వేసిన లైన్లలో ఎనిమిదిన్నర అడుగులు దాటుతుంది. ఫొటో తీసినప్పుడు ఈ తేడా కంటికి తగులుతుంది. హెచ్‌ఓ వాళ్లకు ఈ బాధ తక్కువ. 1:87లో 50.8 మి.మీ. అంటే పద్నాలుగున్నర అడుగులు. అమెరికన్ లైన్లలో 13, 14 అడుగుల ఎడం మామూలే కాబట్టి చూడటానికి పెద్దగా తేడా ఉండదు. కాబట్టి ఓఓలో కంటికి నచ్చడం ముఖ్యమా, పాయింట్లు కొయ్యకుండా పని సాగడం ముఖ్యమా అన్నది గేజ్ కొనేముందే తేల్చుకోవాలి. మొదటిసారి లేఅవుట్ కడుతున్నవాళ్లు 50.8తోనే వెళ్లాలన్నది నా గట్టి అభిప్రాయం. కోసిన పాయింట్‌ను మళ్లీ అతికించలేం.

తిన్నటి లైన్లలో వాడకం

గేజ్ సొంతంగా లైన్‌ను తిన్నగా చెయ్యదు. మొదటి లైను ఎలా ఉంటే రెండోదాన్ని మక్కికి మక్కి అలాగే దించుతుంది. మొదటి దాంట్లో అర మి.మీ. వంకర ఉంటే రెండో దాంట్లోనూ అదే చోట అదే వంకర వస్తుంది. రెండు వంకరలు పక్కపక్కన చేరేసరికి ఒక్కటిగా ఉన్నప్పుడు కనపడనిది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కాబట్టి సగం శ్రద్ధ మొదటి లైను మీదే పెట్టాలి. మీటరు పొడవు అల్యూమినియం స్కేలును పట్టా పక్క అంచుకు ఆనించి, సన్నటి కాగితం ముక్క ఎక్కడా దూరకుండా ఉండేదాకా సర్దాలి. తర్వాత కన్ను పట్టా ఎత్తుకు దించి, ఒక కొస నుంచి రెండో కొస దాకా చూడాలి. స్కేలు పట్టుకోలేని పొడవాటి వంపును కన్ను పట్టుకుంటుంది. మొదటి లైను పూర్తిగా బిగించి, జిగురు ఆరాకే రెండో దాని జోలికి వెళ్లాలి. రెండూ ఒకేసారి జరుపుకుంటూ వేస్తే గేజ్ ఏ లైన్‌ను చూసి కొలుస్తోందో దానికే తెలియదు.

పీకో ఫ్లెక్స్ ట్రాక్ ఒక ముక్క పొడవు 914 మి.మీ. ఆ పొడవుకు మూడు గేజ్‌లు కావాలి: రెండు కొసల్లో రెండు, మధ్యలో ఒకటి. మధ్యలోదాన్ని 150 మి.మీ.కు ఒకసారి జరుపుతూ పిన్నులు వదులుగా దింపుకుంటూ పోవాలి. ఒక్క గేజ్‌తోనే సరిపెడితే ఈ చివర సర్దేలోపు ఆ చివర జరిగిపోతుంది. ముక్కలు కలిసే చోట గేజ్‌ను జాయినర్‌కు దూరంగా కాకుండా, వీలైనంత దగ్గరగా రెండు వైపులా పెట్టాలి. జాయినర్ దూర్చడానికి కొస స్లీపర్లు తీసేసిన చోట పట్టాను పట్టుకునేది ఏదీ ఉండదు, అది తన ఇష్టం వచ్చిన వైపుకు ఒరుగుతుంది. ఎడం తప్పేది ఎక్కువగా ఈ నాలుగైదు సెంటీమీటర్లలోనే.

రంపంతో గానీ కట్టర్‌తో గానీ కోసిన పట్టా కొసకు సన్నటి గరుకు మిగులుతుంది. దాన్ని ఆకురాయితో పైన, లోపల, బయట మూడు వైపులా రాయాలి. లేకపోతే ఆ గరుకు మీద గేజ్ ఎక్కి కూర్చుంటుంది, ఎడం ఒక వెంట్రుకవాసి ఎక్కువ చూపిస్తుంది.

పిన్నుల విషయంలో తొందర వద్దు. స్లీపర్ నడుమ పిన్ను గట్టిగా కొడితే స్లీపర్ మధ్యలో కిందకు దిగి, రెండు పట్టాల తలలూ లోపలికి వాలతాయి. 16.5 కాస్తా తగ్గుతుంది. అప్పుడు లైన్ల ఎడం బాగానే ఉంటుంది, లైను గేజ్ మాత్రం బిగుసుకుపోతుంది. తప్పు ఎడంలో ఉందని వెతికేవాళ్లకు అది దొరకదు. పిన్ను తల స్లీపర్‌ను తాకీ తాకనట్టు ఉంటే చాలు. జిగురు ఆరాక పిన్నులు పీకేయవచ్చు.

గేజ్ ఏటవాలుగా కూర్చోవడం మరో తప్పు. ఎడం కొలిచేది పట్టాలకు లంబంగా ఉన్న గీత మీద. గేజ్ 10 డిగ్రీలు పక్కకు తిరిగితే 50.8 కాస్తా 50.0 అవుతుంది, దాదాపు 0.8 మి.మీ. పోతుంది. 5 డిగ్రీలకు పోయేది 0.2 మాత్రమే. అందుకే చిన్న తేడాకు భయపడక్కర్లేదు, కంటికి కనిపించేంత వంకరగా ఉంటే మాత్రం సరిచెయ్యాలి. అనుమానంగా ఉంటే చిన్న మూలమట్టాన్ని పట్టా అంచుకు ఆనించి చూస్తే చాలు.

పట్టా మీద కూర్చునే ఏ గేజ్‌కైనా కొంత ఆట ఉంటుంది, లేకపోతే అది ఎక్కదు, దిగదు. జంట లైన్లకు ఆ ఆట పెద్ద లెక్కలోది కాదు. యార్డులో ఆరు లైన్లు వరసగా వేసేటప్పుడు లెక్కలోదే. ఒక్కో ఎడంలో 0.3 మి.మీ. ఒకే వైపుకు పోతే ఐదు ఎడాలు దాటేసరికి 1.5 మి.మీ. అవుతుంది, యార్డు గొంతులోని పాయింట్ల నిచ్చెనతో (ఒకదాని వెంట ఒకటిగా పెట్టిన పాయింట్ల వరసతో) చివరి లైను కలవదు. దీనికి విరుగుడు రెండు మాటల్లో: రెండో లైన్‌ను ఎప్పుడూ ఒకే వైపుకు తోసి పట్టుకుని బిగించాలి, మూడో లైను నుంచి ప్రతి లైన్‌ను గేజ్‌తో పాటు మొదటి లైను నుంచి కూడా స్కేలుతో కొలవాలి. మూడో లైను 101.6 దగ్గర, నాలుగోది 152.4 దగ్గర, ఐదోది 203.2 దగ్గర, ఆరోది 254 దగ్గర ఉండాలి.

కొలిచేటప్పుడు లైను నడుమ ఎక్కడో వెతుక్కోనక్కర్లేదు. మొదటి లైను ఎడమ పట్టా ఎడమ అంచు నుంచి రెండో లైను ఎడమ పట్టా ఎడమ అంచుకు ఎంత దూరముందో అదే లైన్ల ఎడం. క్యాలిపర్ ఉన్నవాళ్లు రెండు లైన్ల దగ్గరి పట్టాల లోపలి ముఖాలను, అంటే చక్రం అంచు రాసే ముఖాలను, కొలిచి చూస్తే 34.3 మి.మీ. రావాలి. ఇది 50.8 నుంచి 16.5 తీసేస్తే వచ్చే అంకె. స్లీపర్ల కొసల నుంచి కొలవొద్దు. అచ్చులోంచి వచ్చిన స్లీపర్ల కొసలు ఒక్కోసారి ముందూ వెనకా ఉంటాయి, కోసి అతికించిన చోట మరీనూ.

లైన్ల కింద కార్క్ వేసేవాళ్లు ఒక్కో లైనుకు విడి పట్టీ కాకుండా, రెంటికీ కలిపి ఒకే వెడల్పాటి పరుపు వెయ్యడం మేలు. విడి పట్టీలు నడుమ కలిసే చోట ఒకదాని మీదకు ఒకటి ఎక్కితే లైను పక్కకు వాలుతుంది. గేజ్‌కు ఆ వాలు కనిపించదు. రైలు పెట్టెల పైభాగాలు ఒకదాని వైపు ఒకటి వంగినప్పుడే బయటపడుతుంది.

వంపుల్లో

పట్టా ఒంగుతుంది గానీ రైలు పెట్టె ఒంగదు. వంపులో పెట్టె విల్లుకు కట్టిన నారిలా తిన్నగా అడ్డం పడి ఉంటుంది. పెట్టె నడుమ భాగం వంపు లోపలి వైపుకు పొడుచుకొస్తుంది, రెండు కొసలూ బయటి వైపుకు పోతాయి. జంట లైన్లలో బయటి లైను మీద పెట్టె నడుము, లోపలి లైను మీద పెట్టె కొస ఒకదానికొకటి ఎదురొస్తాయి. ఎడం తినేసేది ఈ రెండూ కలిసి.

ఎంత పొడుచుకొస్తుందో లెక్క కట్టడం కష్టమేమీ కాదు. మన వాడుకలో బోగీ అంటే పెట్టె మొత్తం కాబట్టి, కింద చక్రాలున్న బండిని ఇక్కడ ట్రక్కు అంటాను. రెండు ట్రక్కుల నడుమల మధ్య దూరాన్ని దానితోనే గుణించి, వ్యాసార్ధానికి ఎనిమిది రెట్లతో భాగిస్తే నడుము లోపలికి ఎంత వస్తుందో తెలుస్తుంది. పెట్టె పొడవు వర్గంలోంచి ట్రక్కుల దూరం వర్గం తీసేసి, దాన్నీ అలాగే భాగిస్తే కొస బయటికి ఎంత పోతుందో వస్తుంది. రెంటికీ పెట్టె వెడల్పు కలిపితే వచ్చేది తాకడానికి కావలసిన ఎడం. తాకకుండా ఉండాలంటే దానిపైన ఇంకో 3 మి.మీ. వెయ్యాలి.

హెచ్‌ఓలో 85 అడుగుల ప్యాసింజర్ పెట్టెను తీసుకుందాం. పొడవు 297 మి.మీ., ట్రక్కుల మధ్య 208 మి.మీ. (అసలు పెట్టెలో 59½ అడుగులు), వెడల్పు 35 మి.మీ. బయటి లైను వ్యాసార్ధం 24 అంగుళాలు, అంటే 610 మి.మీ. గేజ్ ప్రకారం లోపలి లైను 559. బయటి పెట్టె నడుము 8.9 మి.మీ. లోపలికొస్తుంది, లోపలి పెట్టె కొస 10.1 మి.మీ. బయటికి వస్తుంది. 35 కలిపితే 54. ఎడం ఉన్నది 50.8. అంటే రెండు రైళ్లు ఆ వంపులో ఎదురుపడితే కచ్చితంగా రాసుకుంటాయి, మూడు మి.మీ. లోతున.

అదే బయటి లైను 30 అంగుళాలైతే మొత్తం 50.0 వస్తుంది. కాగితం మీద 0.8 మి.మీ. మిగిలినట్టు కనిపిస్తుంది. నిజానికి చక్రం అంచుకూ పట్టాకూ మధ్య ఆట, ట్రక్కు ఊగిసలాట, పెట్టె పక్కల చేతి కడ్డీలు ఆ 0.8ని ఎప్పుడో మింగేస్తాయి. 36 అంగుళాల దగ్గర లెక్క 47.4కు దిగి, 3.4 మి.మీ. ఖాళీ దొరుకుతుంది. అందుకే పొడవాటి పెట్టెలు నడిపేవాళ్లు బయటి లైను 36 అంగుళాల లోపు ఉన్న వంపులో ఎస్‌ఎల్-36ను పెట్టకూడదు. 40 అడుగుల గూడ్సు వ్యాగన్లు మాత్రమే నడిపితే అంత కట్టడి అక్కర్లేదు, పొట్టి వ్యాగన్ల పొడుపు తక్కువ. కానీ ఇవాళ గూడ్సు, రేపు ఎక్స్‌ప్రెస్ అనుకునే లేఅవుట్‌కు రేపటి రైలునే కొలతగా పెట్టుకోవాలి. పెద్ద ఆవిరి ఇంజన్లున్నవాళ్లు ముందు భాగంలోని సిలిండర్ల వెడల్పును, డ్రైవర్ క్యాబు కొసను విడిగా చూసుకోవాలి. పెట్టె లెక్క వాటికి చాలదు.

24 అంగుళాల వంపుకు 57 మి.మీ. ఎడం పెడితే ఖాళీ దాదాపు 3 మి.మీ. మిగులుతుంది. అంతే కావాలి. ఇప్పుడు చిక్కు ఏమిటంటే తిన్నటి చోట 50.8, వంపులో 57 ఉండాలి. రెంటినీ ఎలా కలపాలి? చాలామంది వంపు మొదలయ్యే చోట లోపలి లైన్‌ను చేత్తో కాస్త పక్కకు జరిపేస్తారు. అక్కడ పాము మెలిక లాంటి చిన్న వంకర మిగిలిపోతుంది. సరైన దారి ట్రాన్సిషన్ వంపు, అంటే తిన్నటి లైను నుంచి పూర్తి వంపుకు మెల్లగా ఒంగుతూ వెళ్లే భాగం. ఇది పెట్టినప్పుడు వంపు తిన్నటి లైను నుంచి కొంచెం లోపలికి జరుగుతుంది. ఆ జరుగుడు ఎంతంటే ట్రాన్సిషన్ పొడవు వర్గాన్ని వ్యాసార్ధానికి 24 రెట్లతో భాగిస్తే వచ్చేంత. బయటి లైను (610) ట్రాన్సిషన్ 200 మి.మీ. అయితే జరుగుడు 2.7 మి.మీ. లోపలి లైను (553) ట్రాన్సిషన్‌ను 344 మి.మీ. చేస్తే జరుగుడు 8.9. తేడా 6.2 మి.మీ. సరిగ్గా 57కు, 50.8కి ఉన్న తేడా. రెండు వంపులకూ కేంద్రం ఒక్కటే, ఎక్కడా మెలిక లేదు, ఎడం తనంతట తానే 50.8 నుంచి 57కు విచ్చుకుంటుంది. మొదట చదివినప్పుడు చిక్కుగా అనిపించవచ్చు గానీ బేస్‌బోర్డు మీద పెన్సిల్‌తో గీస్తే పది నిమిషాల పని. ఈ భాగంలో గేజ్‌ను పక్కన పెట్టేసి గీతనే నమ్మాలి.

ట్రాక్‌సెట్టాతో జత

ట్రాక్‌సెట్టా అనే లోహపు టెంప్లేట్లు ఎస్‌ఎల్-36తో పోటీ కాదు, దానికి తోడు. ఇవి ఒకే లైనులోని రెండు పట్టాల మధ్య కూర్చుని ఫ్లెక్స్ ట్రాక్‌ను తిన్నగానో, ఒక వ్యాసార్ధంలోనో పట్టి ఉంచుతాయి. వీటిలో ఉన్న చీలికల్లోంచి పిన్ను కొట్టుకోవచ్చు, అదే వీటిలో బాగా నచ్చే విషయం. టెంప్లేట్ తియ్యకుండానే లైను బిగుస్తుంది. వ్యాసార్ధాలు 24, 30, 36 అంగుళాల మాదిరి పెద్ద అంగల్లో దొరుకుతాయి కాబట్టి రెండు టెంప్లేట్లతో రెండు లైన్లు వేసి రెండంగుళాల ఎడం రాబట్టడం కుదరదు. మొదటి లైన్‌ను ట్రాక్‌సెట్టాతో వేసి, రెండోదాన్ని ఎడం గేజ్‌తో దాని పక్కన దించడమే వీటిని వాడే తీరు. తిన్నటి ట్రాక్‌సెట్టా ఒకటుంటే పైన చెప్పిన మొదటి లైను శ్రమ సగం తగ్గుతుంది. డబ్బు ఒక్కదానికే ఉంటే వంపు టెంప్లేట్ కొనుక్కోండి. తిన్నటి పనికి స్కేలుంది, ఎడానికి గేజ్ సొంతంగా కోసుకోవచ్చు.

సొంతంగా గేజ్ కోసుకోవడం

57, 67, 45 ఏది కావాలన్నా ఈ పద్ధతే. 3 మి.మీ. అక్రిలిక్ గానీ గట్టి ప్లైవుడ్ గానీ 100 మి.మీ. పొడవు, 40 మి.మీ. వెడల్పు పట్టీ కొయ్యాలి. 1.5 మి.మీ. మందం ప్లాస్టిక్ షీటు నుంచి 16.3 మి.మీ. వెడల్పు దిమ్మెలు రెండు కోసి, వాటిని పట్టీ అడుగున అతికించాలి. ఈ దిమ్మెలు ఒక్కో లైనులో పట్టాల మధ్య దూరి కూర్చుంటాయి. మందం 1.5కు మించకూడదు. కోడ్ 75 పట్టా ఎత్తే 1.9 మి.మీ., పట్టా పాదం దగ్గర స్లీపర్ మీది కుర్చీ బుడిపెలు పైకి లేచి ఉంటాయి, మందపాటి దిమ్మె వాటి మీద ఎక్కి ఊగుతుంది. కోడ్ 100 పట్టా ఎత్తు 2.54 కాబట్టి దానికీ ఇదే గేజ్ నడుస్తుంది.

వెడల్పు 16.3 ఎందుకంటే 16.5లో 0.2 మి.మీ. ఆట ఉండాలి. దిమ్మెల పొడవు, అంటే పట్టా వెంబడి ఉండే కొలత, తిన్నటి లైన్లకు 40 మి.మీ. పెట్టుకోండి, పొడుగ్గా ఉంటే గేజ్ తనంతట తానే పట్టాలకు లంబంగా నిలుస్తుంది, పక్కకు తిరగదు. వంపుల గేజ్‌కు మాత్రం 25 మి.మీ. దాటొద్దు. 610 మి.మీ. వంపులో 40 మి.మీ. పొడవుకు పట్టా 0.33 మి.మీ. ఒంగి ఉంటుంది, 0.2 ఆటలో అది ఇమడదు, దిమ్మె ఇరుక్కుపోయి ఫ్లెక్స్ ట్రాక్‌ను ఆ చోట తిన్నగా చెయ్యబోతుంది. 25 మి.మీ.కు ఒంపు 0.13 మాత్రమే, హాయిగా దూరుతుంది.

దిమ్మెల్లో మొదటిదాన్ని మూలమట్టంతో చూసి అతికించి ఆరనివ్వండి. రెండోదాన్ని జిగురు తడిగా ఉండగానే క్యాలిపర్‌తో సర్దాలి: మొదటి దిమ్మె ఎడమ అంచు నుంచి రెండో దిమ్మె ఎడమ అంచుకు కావలసిన ఎడం. పైన పట్టాలకు చెప్పిన కిటుకే ఇది. ఆరాక గేజ్‌ను లైన్ల మీద పెట్టి, తీసి, ముందుది వెనక్కి తిప్పి మళ్లీ పెట్టండి. రెండుసార్లూ ఒకేలా కూర్చుంటే దిమ్మెలు వంకర లేకుండా ఉన్నట్టు. ఒకసారి బిగిస్తే, ఒకసారి వదులైతే ఏదో ఒక దిమ్మె వంకరగా అతుక్కుంది, దాన్ని పీకి మళ్లీ అతికించడమే. పట్టీ పైన కొలతను, ‘తిన్న’, ‘వంపు’ అన్న మాటను చెరగని సిరాతో రాసుకోవాలి. బల్ల మీద ఒకేలా ఉన్న మూడు గేజ్‌లు పడి ఉన్నప్పుడు 57ది తీసుకుని తిన్నటి లైను వేసెయ్యడం చాలా సులువు. పాయింట్ల దగ్గర చెక్ రైలు (చక్రాన్ని దారి తప్పనీయకుండా పట్టా పక్కన ఉండే చిన్న పట్టా) దిమ్మెకు అడ్డొస్తుంది కాబట్టి అక్కడ గేజ్‌ను పాయింట్ మీద కాకుండా దానికి ముందూ వెనకా పెట్టి చూసుకోవాలి.

సెట్‌ట్రాక్‌లో 67 మి.మీ. ఎందుకో కూడా ఇక్కడే చెప్పుకుందాం. ఆ పాయింట్ల చీలిక 22.5 డిగ్రీలు, వ్యాసార్ధం 438 మి.మీ., రెండు కలిపితే ఎడం 67కే వచ్చి పడుతుంది. వంపులూ అదే అంగలో ఉంటాయి: 371, 438, 505, 572. అంత బిగువు వంపుల్లో పెట్టెలు రాసుకోకుండా ఉండటానికి అంత ఎడం అవసరం కూడా. పరుపుతో వచ్చే ఇతర ట్రాకుల్లో కాటో యూనిట్రాక్ ఎన్ స్కేలుది 33, హెచ్‌ఓది 60, టోమిక్స్ ఎన్ స్కేలుది 37, మార్క్లిన్ సి-ట్రాక్ 77.5 మి.మీ. వీటికి గేజ్ అవసరం లేదు, ముక్కలే ఎడాన్ని నిర్ణయిస్తాయి. వాటిని ఫ్లెక్స్ ట్రాక్‌తో కలిపే చోట మాత్రం ఆ అంకెతో ఒక గేజ్ కోసుకుంటే మంచిది. ఎన్ స్కేలు పట్టాల మధ్య 9 మి.మీ.లే కాబట్టి ఎస్‌ఎల్-36 వాటి మీద అసలు కూర్చోదు.

నిల్వ యార్డుల్లో గేజ్ కొలతకు కట్టుబడి ఉండొద్దు. 50.8 ఎడంలో పెట్టెకూ పెట్టెకూ మధ్య మిగిలేది 15, 16 మి.మీ., అందులో పెద్దవాళ్ల వేలు దూరదు. పట్టాలు తప్పిన పెట్టెను ఎత్తబోయి పక్కదాన్ని పడేస్తారు. చేత్తో ఎత్తి పెట్టే పని ఉన్న యార్డులో 60 నుంచి 67 మి.మీ. ఎడం వేసుకోండి, ఒక లైను తగ్గినా ఫరవాలేదు. రెండు లైన్ల మధ్య ప్లాట్‌ఫారం, సిగ్నల్ స్తంభం, వంతెన కాలు వచ్చే చోట గేజ్ మాట మరిచిపోయి, అక్కడ పెట్టబోయే వస్తువును లైన్ల మధ్య నిలబెట్టి, రెండు వైపులా పెట్టెలు నడిపి చూశాకే రెండో లైన్‌ను బిగించాలి.

గిట్టి పోసే ముందు చివరి పరీక్ష ఒకటి తప్పనిసరి. మీ దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా పొడవైన పెట్టె బయటి లైను మీద, అన్నిటికన్నా పొడవైన రెండో పెట్టె లోపలి లైను మీద ఉంచండి. బయటి పెట్టె నడుమకు లోపలి పెట్టె కొస ఎదురుగా వచ్చేలా ఒకదాన్ని నిలిపి, రెండోదాన్ని చేత్తో మెల్లగా నెట్టుకుంటూ వంపంతా తిప్పండి. మధ్యలో 2 మి.మీ. అట్టముక్కను నిలువుగా దూరుస్తూ పోవాలి. అట్ట ఎక్కడ బిగిస్తుందో అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టి, జిగురు తడిపి లోపలి లైన్‌ను ఆ చోట లోపలికి జరపండి. బయటి లైన్‌ను జరిపితే వ్యాసార్ధం చెడుతుంది, పాయింట్ల దగ్గర మళ్లీ మొదటికొస్తుంది.